ఏ సున్నాను నమ్మాలి

జనవరి 19, 2025, ఆదివారం. నంద్యాల

ఉప్పు కలపడం అయింది. సముద్రపు చేపల కోసం పెట్టిన ట్యాంకులో నీళ్లు 150 లీటర్లు. ఆర్ఓ మిషన్ నిన్న పొద్దుటి నుంచి ఆగకుండా నడుస్తూనే ఉంది. బోరు నీళ్లు పోయొచ్చు కదా అని ఇంట్లో అన్నారు. పోయనని చెప్పి ఎందుకో పరీక్ష చేసి చూపించాను. మా వీధి బోరు నీళ్లలో నైట్రేట్ 20 మి.గ్రా. పైనే ఉంది. తాగేనీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 45 దాకా ఒప్పుకుంటుంది కాబట్టి మనుషులకు భయం లేదు. కానీ రాబోయే వారాల్లో నేను చూడబోయేది ఆ నైట్రేట్‌నే. మొదటి రోజే నీళ్లలో అది ఉంటే, తర్వాత కనబడేది ట్యాంకులో పుట్టిందో, చుట్టుపక్కల పొలాల ఎరువు నేలలోకి ఇంకి బోరులోకి వచ్చిందో తేల్చలేను. అందుకే సున్నా నుంచి మొదలుపెట్టాలనుకున్నాను.

వంట ఉప్పు దీనికి పనికిరాదు. అందులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు చేపకు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ కూడా కావాలి. తయారు చేసి అమ్మే మిశ్రమం తెప్పించి, లీటరుకు 35 గ్రాముల పైచిలుకు లెక్కన కలిపాను. సాంద్రత 1.025 చూపిస్తోంది. రాత్రుళ్లు ఇంకా చలిగానే ఉన్నాయి కాబట్టి హీటర్‌ను 27 డిగ్రీల దగ్గర పెట్టాను. పీహెచ్ 8.2. క్షారత 9 డిగ్రీలు.

ఇతర దేశాల్లో చాలామంది సముద్రం నుంచి తెచ్చిన సజీవ శిలతో మొదలుపెడతారు. ఆ రాతి రంధ్రాల్లో కావలసిన సూక్ష్మజీవులు ముందే కాపురం ఉంటాయి. మన దేశంలో పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులికిచ్చిన వరుసలో, రక్షణ ఉంది. పగడపు దిబ్బను పగలగొట్టి తెచ్చిన రాయి ఎవరు అమ్మినా నేను కొనను. నాది పొడి రాయి, సిరామిక్ గొట్టాలు, సంచిలో వచ్చిన అరగొనైట్ ఇసుక. వీటిలో ప్రాణం లేదు. అది రావాలి, వచ్చిందని నాకు తెలియాలి.

ఎట్లా తెలుస్తుంది? చేపల దుకాణం అతను ఫోన్లో చెప్పింది, "నీళ్లు తేటగా అయితే చాలు మేడమ్." నీళ్లు ఇప్పుడే అద్దంలా ఉన్నాయి. ఈ నిమిషం చేపను వదిలితే బతకదు.

జనవరి 21, మంగళవారం. ఆళ్లగడ్డ

కాలేజీ ల్యాబులో త్రాసు ఖాళీగా దొరికింది. అమ్మోనియం క్లోరైడ్ 0.94 గ్రాములు తూచి పొట్లం కట్టుకున్నాను. 150 లీటర్లలో లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా రావాలంటే అంత కావాలి. కెమిస్ట్రీ సార్ లెక్క చూసి సరేనని, "చేపలకు విషం మీరే తూచి పోస్తున్నారా మేడమ్?" అని అడిగారు. చేపలు లేవు సార్, అందుకే పోస్తున్నాను అన్నాను.

ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్ల దగ్గర నవాసారం ఉంటుంది. అదీ అమ్మోనియం క్లోరైడే. మా చిన్నప్పుడు బట్టీ దగ్గర ఆ తెల్లటి పొగ ముక్కు పగలగొట్టేది. బజారులో అది సులువుగానే దొరుకుతుంది గానీ అందులో ఏ లోహం ఎంత కలిసి ఉంటుందో తెలియదు. ఉప్పునీటి జీవుల్లో చాలావాటికి రాగి చిటికెడు కూడా పడదు. ల్యాబు సీసాదే నయం.

చేప మొప్పల నుంచి ఎప్పుడూ అమ్మోనియా వస్తూనే ఉంటుంది. మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. సముద్రంలో అది విస్తారమైన నీళ్లలో కలిసిపోతుంది, నాచు తీసుకుంటుంది. నాలుగు అద్దాల మధ్య పోయే దారి లేదు. పైగా ఉప్పునీటి పీహెచ్ ఎక్కువ. పీహెచ్ 7 ఉన్న మంచినీళ్లలో మొత్తం అమ్మోనియాలో చేపను చంపే రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8.2 దగ్గర అది ఆరేడు పాళ్లకు చేరుతుంది. గోల్డ్‌ఫిష్ పెంచి అలవాటైనవాళ్లు ఉప్పునీటికి వచ్చి చేపలను పోగొట్టుకునేది ఇక్కడే. ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ట్యాంకులో స్థిరపడాలి. ట్యాంకు సైకిల్ కావడమంటే అదే. వాటికి తిండిగానే ఈ పొడి.

సాయంత్రం ఇంటికి రాగానే కలిపాను. గంట తర్వాత పరీక్ష నాళికలో ఆకుపచ్చ: 2.

జనవరి 28, మంగళవారం. నంద్యాల

ఏ మార్పూ లేదు. అమ్మోనియా 2, నైట్రైట్ 0, నైట్రేట్ 0. చిన్నోడు బడి నుంచి రాగానే నాళిక వెలుతురుకు పట్టి చూస్తాడు. వాడికి ఇందులో చూడటానికి ఏమీ లేదని బాధ. నాకు మాత్రం ఈ కదలని వారం చాలా ముఖ్యం.

1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి పొడి నింపి పైనుంచి మురుగునీళ్లు బొట్లుబొట్లుగా వదిలారు. ఇరవై రోజుల పాటు కిందికి దిగిన నీళ్లలో అమ్మోనియా ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత నైట్రేట్ కనబడటం మొదలై, చివరికి అమ్మోనియా జాడే లేకుండా పోయింది. ఇది ఉత్త రసాయన చర్య అయితే మొదటి గంటలోనే జరగాలి కదా, ఇరవై రోజులు ఎందుకు ఆగింది? వాళ్లు క్లోరోఫాం ఆవిరి పట్టారు, నైట్రేట్ ఆగిపోయింది. కాస్త మట్టి కడిగిన నీళ్లు పోశారు, మళ్లీ వచ్చింది. పని చేస్తున్నది ప్రాణులేనని అట్లా తేలింది. వాటిని విడిగా పట్టి పెంచడం 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ వల్ల అయింది.

ఇసుక, సున్నపురాయి, కదలని ఇరవై రోజులు. నా గదిలో ఉన్నదీ అదే గొట్టం, పడుకోబెట్టి ఉంది అంతే. ఆ ఇద్దరూ విసుగుపడి పదో రోజున గొట్టం కడిగేసి ఉంటే ఏమయ్యేది అని చిన్నోడికి చెప్పాను. వాడు, "అయితే మనది ఎప్పుడు?" అన్నాడు.

పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియా అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకే రెండింతలు అవుతాయి. ఇవి అంత త్వరగా పెరగవు. చాలావాటికి రెండింతలు కావడానికి సగం రోజు, ఒక రోజు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అమ్మోనియాను కాల్చుకుని వచ్చే కొద్దిపాటి శక్తితో, నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి సొంత ఒళ్లు కట్టుకోవాలి పాపం.

ఫిబ్రవరి 1, శనివారం. నంద్యాల

నీళ్లు కొంచెం పాలిపోయి, మసకగా ఉన్నాయి. ఇవి వేరే బ్యాక్టీరియా, కుళ్లు తిని త్వరగా పెరిగేవి. వాటంతట అవే తగ్గుతాయి. ఇసుక మీద గోధుమరంగు పొర కూడా మొదలైంది. అది డయాటమ్, నీళ్లలో సిలికా ఉంటే వస్తుంది. "గోధుమరంగు పొర వచ్చిందంటే ట్యాంకు సిద్ధం" అని దుకాణం అతను నమ్మకంగా అంటాడు. రెండూ దాదాపు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. పొరకు, నేను ఎదురుచూసే జీవులకు సంబంధం లేదు.

ఇంకో సలహా కూడా ఇచ్చాడు. "నాలుగు డామ్సెల్ చేపలు వేసేయండి మేడమ్. గట్టి చేపలు. వాటితోనే సైకిల్ అయిపోతుంది. తర్వాత కావాలంటే నేనే వెనక్కి తీసుకుంటాను."

ఈ మాట మీద నాకు కోపం వచ్చింది. గట్టి చేప అంటే చావడానికి ఎక్కువ రోజులు పట్టే చేప అని అర్థం. దాని మొప్పలు కాలుతాయి. అది పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంది, బతికినా ఆ మచ్చ పోదు. త్రాసులో గ్రాము కన్నా తక్కువ తూచిన తెల్లపొడి అదే పని ఏ ప్రాణినీ బాధపెట్టకుండా చేస్తున్నప్పుడు, సముద్రంలో పట్టి చెన్నై కొళత్తూరు బజారు దాకా, అక్కడి నుంచి ఇక్కడి దాకా కవర్లో తెచ్చిన జీవిని అందుకు వాడటానికి నా మనసు ఒప్పదు. ఫోన్లోనే చెప్పాను. అతను నొచ్చుకోలేదు, అలవాటుగా చెప్పిన మాట అది.

ఫిబ్రవరి 4, మంగళవారం. నంద్యాల

కదిలింది! అమ్మోనియా 1. నైట్రైట్ నాళిక ఎప్పుడూ లేత నీలంగా ఉండేది, ఈ రాత్రి వంకాయ రంగుకు తిరిగింది. చిన్నోడు రెండు నాళికలూ పట్టుకుని ఇల్లంతా తిరిగాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఆళ్లగడ్డ దగ్గర మా ఊరు

మొన్న శుక్రవారం అమ్మోనియా సున్నా. రెండో మోతాదు, మళ్లీ 2, వేసి వచ్చాను. ఇక్కడికి వస్తే ఆ సంగతి మరచిపోతాననుకున్నాను గానీ చిన్నాయన మరవనివ్వలేదు.

పారువేట పల్లకి ఇంకా మా ఊరికి రాలేదు. అహోబిలం స్వామి కనుమ నుంచి ఊరూరా తిరుగుతున్నాడు, రేపో ఎల్లుండో వస్తాడని వీధంతా కడుగుతున్నారు. అరుగు మీద చిన్నాయన యూరియా బస్తాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏం పాపా, ఆ అద్దాల తొట్లో చేపలు ఎన్ని పడినాయి?"

"ఇంకా వేయలేదు చిన్నాయనా. అమ్మోనియా పోస్తున్నా."

"అమ్మోనియానా? అంటే మేము మడికి యేసేదేనా?"

అదేనని చెప్పాను. యూరియా నేలలో పడితే కొన్ని రోజుల్లో అమ్మోనియా రూపానికి వస్తుంది. తర్వాత నా ట్యాంకులో నేను ఎదురుచూస్తున్న లాంటి జీవులే దాన్ని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తాయి. పత్తి, శనగ వేసే నల్లరేగడిలో గాలి ఆడుతుంది కాబట్టి ఆ పని చకచకా సాగుతుంది. కేసీ కెనాల్ కింద నీళ్లు నిలిచిన వరిమడిలో, పైపొర తప్ప కింద ప్రాణవాయువు ఉండదు కాబట్టి అమ్మోనియా అమ్మోనియాగానే నిలుస్తుంది. వరికి కావలసింది అదే. యూరియా చల్లాక మడిని ఆరబెట్టి మళ్లీ నీళ్లు కడితే బలం పోతుందని చిన్నాయనకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. ఆరినప్పుడు నైట్రేట్ తయారవుతుంది, నీళ్లు నిలవగానే గాలిలేని మట్టిలో వేరే బ్యాక్టీరియా దాన్ని నత్రజని వాయువుగా వదిలేస్తుంది. పెట్టిన డబ్బు గాలికి పోతుంది.

బస్తా మీద వేపపూత అని రాసి ఉంది. 2015 నుంచి మన దేశంలో రైతుకు అమ్మే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి. పక్కదారి పట్టకుండా అని ఒక కారణం. రెండోది, వేపలోని చేదు పదార్థాలు అమ్మోనియాను మార్చే ఈ జీవుల్ని మందగింపజేస్తాయి, ఎరువు నేలలో ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇదంతా చెప్పి, అందుకే వేపనూనె రాసుకున్న చేయి నా ట్యాంకులో పెట్టనివ్వను అన్నాను.

చిన్నాయన కాసేపు ఆలోచించి, "మాకు అవి నిదానంగా ఉండాల. నీకు బిరీన కావాల. ఒకటే పురుగులే కదమ్మా" అన్నాడు.

నేను చదివిన పుస్తకాల్లో అక్వేరియం వాళ్లు పొలం గురించి, పొలం వాళ్లు అక్వేరియం గురించి రాయరు. ఈ అరుగు మీద ఆ రెండూ ఒకటే మాట. పాత ఊరి దిబ్బల మట్టి నుంచి సురేకారం తీసిన రోజుల్లో కూడా మనవాళ్లు ఈ జీవుల కష్టాన్నే మూటగట్టుకున్నారు. పశువుల మూత్రం పడిన మట్టిలో అవి తయారు చేసిన నైట్రేటే తుపాకిమందుకు పోయింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం. నంద్యాల

అమ్మోనియా మళ్లీ సున్నా, ఈసారి త్వరగానే. నైట్రైట్ మాత్రం కార్డు మీద చివరి రంగును దాటి ముదిరిపోయింది. వేసిన అమ్మోనియా మొత్తం నైట్రైట్ అయితే లీటరుకు 10 మి.గ్రా. పైన రావాలి, కార్డు 5 దగ్గర ఆగిపోతుంది. ట్యాంకు నీళ్లకు నాలుగింతలు ఆర్ఓ నీళ్లు కలిపి పరీక్షించి, ఐదుతో హెచ్చించాను. 10 దగ్గరే ఉంది.

నైట్రేట్ పరీక్ష ఎర్రగా వచ్చింది. దాన్ని నమ్మలేదు, పుస్తకంలో ఎక్కించలేదు. ఈ కిట్లు నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌కు రంగు తెప్పిస్తాయి. నీళ్లలో ముందే నైట్రైట్ నిండి ఉంటే అది కూడా నైట్రేట్ లెక్కలో పడుతుంది. "నైట్రేట్ కనబడింది, సైకిల్ అయిపోయింది" అని సగం దారిలో ఆగిపోవడం ఇందువల్లే జరుగుతుంది.

రెండో అంచె ఎందుకు ఆలస్యం అంటే, మొదటి జీవులు వండిపెట్టాక గానీ వీటికి తిండి లేదు. ఈ రెండో రకం నైట్రోబ్యాక్టర్ అని చాలా కాలం అనుకున్నారు, మా రోజుల్లో డిగ్రీ పుస్తకంలోనూ అదే. 1990ల చివర హోవానెక్ బృందం అక్వేరియాల్లో డీఎన్ఏ వెతికితే నైట్రోబ్యాక్టర్ కనబడలేదు, నైట్రోస్పైరా కనబడింది. మొదటి అంచెలోనూ అంతే. 2005లో అమ్మోనియాను మార్చే కొత్త జీవి ఒకటి బయటపడింది, అది బ్యాక్టీరియా కూడా కాదు, ఆర్కియా. దాన్ని పట్టింది నడిసముద్రంలో కాదు. సియాటిల్ అక్వేరియంలో ఒక ఉప్పునీటి ట్యాంకు రాళ్ల నుంచి తీసి పెంచారు. పేరు నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్. తర్వాత మహాసముద్రాల్లో ఎక్కడ వెతికినా దాని చుట్టాలే. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆనందంతో. నా సిరామిక్ గొట్టాల్లో ఎవరున్నారో!

రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. బ్యాటరీ గాలిపంపు పెట్టాను. ఇది నా కంగారు కాదు, లెక్క. 2 మి.గ్రా. అమ్మోనియా నైట్రేట్ కావడానికి లీటరుకు దాదాపు ఏడున్నర మి.గ్రా. ప్రాణవాయువు ఖర్చవుతుంది. 27 డిగ్రీల ఉప్పునీళ్లు పూర్తిగా నిండి ఉన్నా పట్టి ఉంచేది ఆరున్నర చిల్లర. అంటే ఒక మోతాదుకు నీళ్లలో ఉన్న గాలంతా కూడా చాలదు, పైనుంచి వస్తూనే ఉండాలి.

ఫిబ్రవరి 20, గురువారం. ఆళ్లగడ్డ

మొన్న 1 మాత్రమే వేశాను, మొదటి జీవులు పస్తు ఉండకుండా. పొద్దునే అమ్మోనియా సున్నా, నైట్రైట్ కాస్త దిగినట్టుంది.

సెకండియర్ పిల్ల ఒకతె మంచి ప్రశ్న అడిగింది. నైట్రైట్ చేపల రక్తాన్ని గోధుమరంగుకు మారుస్తుందని చెప్పారు కదా మేడమ్, మరి ఉప్పునీళ్ల చేపలకు అంత ప్రమాదం లేదని ఎందుకు రాశారు? క్లోరైడ్ వల్ల అని చెప్పాను. మొప్పల్లో రెండూ ఒకే తలుపు గుండా పోవాలి, సముద్రపు నీళ్లలో క్లోరైడ్ అంత గుంపుగా ఉంటే నైట్రైట్‌కు చోటు దొరకదు. కొల్లేరు, భీమవరం వైపు చేపల చెరువుల్లో నైట్రైట్ పెరిగితే ఉప్పు బస్తాలు చల్లేది అందుకే. అయితే ప్రమాదం తక్కువ కాబట్టి నైట్రైట్ చూడక్కర్లేదా అని వెంటనే రెండో ప్రశ్న. చూడాలి. అది చేపను చంపుతుందని కాదు, రెండో అంచె ఇంకా నిలబడలేదని అది చెబుతుంది.

రొయ్య పిల్లలు పెంచే హేచరీలకు ఈ వారాల తరబడి ఆగడం కుదరదు. అందుకే కొచ్చి విశ్వవిద్యాలయం, కుశాట్ వాళ్లు, ఉప్పునీళ్లకు అలవాటైన నైట్రిఫైయింగ్ జీవుల సమూహాన్ని ముందే పెంచి, వాటిని పట్టించిన బయోరియాక్టర్లను తయారు చేశారు. ఉప్పు తక్కువ నీళ్లకు వేరే సమూహం. మంచినీళ్ల ట్యాంకులోని ఫిల్టర్ స్పాంజి తెచ్చి ఉప్పునీళ్లలో వేస్తే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కొందరికి పని చేస్తుంది. వాడినవాళ్లైనా చివర పరీక్ష తప్పించుకోలేరు.

సాయంత్రం బస్సుకు ముందు శిల్పుల వీధి గుండా నడిచాను. ఉలి శబ్దం ఆగే వేళ. తెలిసిన శిల్పి ఒకాయన, "చేపల తొట్టికి చిన్న మండపం చెక్కిస్తానమ్మా" అన్నాడు. చాలా ఇష్టమే. కానీ నునుపు దేలిన గట్టి రాతిలో ఈ జీవులకు ఇల్లు లేదు, రంధ్రాలు ఉన్న రాయి కావాలి. మండపం అలంకారానికి తీసుకుంటానన్నాను, సైక్లింగ్ అయ్యాక.

ఫిబ్రవరి 26, బుధవారం. మహాశివరాత్రి

తెల్లవారుజామున మహానందికి వెళ్లాం. జనం మధ్య కోనేరు గట్టున నిలబడితే అడుగున పడిన నాణెం ఏదో గుర్తుపట్టొచ్చు. చిన్నోడు, "అమ్మా, ఇది కూడా సైకిల్ అయిందా?" అన్నాడు. ఊట నుంచి వచ్చిన నీళ్లు ఎప్పుడూ బయటికి పోయి కింద అరటితోటలకు, పొలాలకు పారుతుంటాయి, నిలవవు, అందుకే ఆ తేట అని చెప్పాను. మన ట్యాంకు నీళ్లకు పోయే దారి లేదు. అందులో తేటదనం దేనికీ సాక్ష్యం కాదు.

ఇంటికి వచ్చి చూస్తే నైట్రైట్ 2. దిగుతోంది.

మార్చి 4, మంగళవారం. నంద్యాల

అమ్మోనియా 0. నైట్రైట్ 0. లేత నీలం, మొదటి రోజు ఉన్నట్టే.

మొదటి రోజు ఉన్నట్టే అన్నది రాసి, అక్కడే ఆగి ఆలోచించాను. జనవరి 19 రాత్రి కూడా ఈ రెండూ సున్నాలే. ఆ సున్నాకు, ఈ సున్నాకు కార్డు మీద తేడా లేదు. ఆ రోజు నీళ్లలో ఏమీ పడలేదు కాబట్టి సున్నా. ఈ రోజు పడింది మాయమైంది కాబట్టి సున్నా, కానీ ఎన్నాళ్లకు మాయమైంది? చివరి మోతాదు వేసి రెండు వారాలైంది. రెండు వారాలకు ఒకసారి అరిగించుకునే ట్యాంకులో చేప బతకదు, చేప ప్రతి గంటా వదులుతుంది. తెలుసుకోవలసింది మిగిలింది ఎంత అని కాదు, ఒక రోజులో ఎంత పని చేయగలదు అని.

రాత్రి 8 గంటలకు మళ్లీ 2 వేశాను.

మార్చి 5, బుధవారం

రాత్రి 8. అమ్మోనియా 0. నైట్రైట్ పావుకు, అరకు మధ్య. కాలేదు. చిన్నోడు "దాదాపు సున్నానే కదా" అని చాలా బతిమాలాడు. దాదాపు అన్నది మనకే, చేపకు కాదు. రెండో అంచె ఇంకొంచెం వెనకబడి ఉంది, ఈ మోతాదు తిని బలపడుతుంది.

మార్చి 8, శనివారం

నిన్న రాత్రి 8కి 2. ఈ రాత్రి 8కి అమ్మోనియా 0, నైట్రైట్ 0. సూర్యకాంతిలో చూడలేదని, తెల్లకాగితం మీద పెట్టి బల్బు కింద మళ్లీ చూశాను. ఇంకో నాళికతో ఇంకోసారి చేశాను. సున్నా.

నైట్రైట్ లేదు కాబట్టి ఇప్పుడు నైట్రేట్ పరీక్ష మాటకు విలువ ఉంది. లెక్క ముందే వేసుకున్నాను. మొదటి నుంచి వేసింది 2, 2, 1, 2, 2, మొత్తం 9 మి.గ్రా. అమ్మోనియా. ఒక మి.గ్రా. అమ్మోనియా పూర్తిగా మారితే మూడున్నర చిల్లర మి.గ్రా. నైట్రేట్ అవుతుంది. కాబట్టి 33 దగ్గర ఉండాలి. నాళిక రంగు 20కి, 40కి మధ్య, 40 వైపు. క్షారత కూడా కొలిచాను. ఈ మార్పులో ఆమ్లం పుడుతుంది కాబట్టి అంత అమ్మోనియాకు మూడు డిగ్రీల దాకా క్షారత ఖర్చు కావాలి. మొదట్లో 9, ఇప్పుడు 6.

పోసిన దానికి, పుట్టిన దానికి, ఖర్చైన దానికి లెక్క కుదిరింది. బోరు నీళ్లు పోసి ఉంటే ఇట్లా కుదిరేది కాదు. కెమిస్ట్రీ సార్‌కు ఫోను చేసి అంకెలు చదివాను. ఆయన పక్కన కాగితం మీద వేసుకుంటున్నట్టుంది, కాసేపు మాట లేదు, తర్వాత "అయింది మేడమ్" అన్నారు.

మార్చి 9, ఆదివారం

సగం నీళ్లు మార్చాను. నైట్రేట్ 15 ప్రాంతానికి దిగింది, క్షారత ఏడున్నర. ఇసుకను కలబెట్టలేదు, గొట్టాలు కడగలేదు.

సముద్రంలో పట్టినవి కాకుండా పెంపకంలో పుట్టిన క్లౌన్ చేపలే కావాలని రాశాను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో వీటిని గుడ్డు నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో స్థిరపడింది, ఆ విద్య నేర్చుకున్న చిన్న పెంపకందారులు ఉన్నారు. ఒక జత మాత్రమే. ఈ జీవులు వచ్చే తిండిని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. ఒకేసారి ఎనిమిది చేపలు వేస్తే నిన్నటి సున్నా నిలవకపోవచ్చు. చేపలు రావడానికి ఇంకా పది రోజులు. అప్పటిదాకా రెండు రోజులకోసారి 1 వేస్తుండాలి, లేకపోతే సిద్ధమైన ట్యాంకే పస్తుతో బలహీనపడుతుంది. చేపలు వచ్చే ముందు రోజు వేయకూడదు, ఆ రోజు పొద్దున, రాత్రి రెండు పరీక్షలు.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 43, 44 డిగ్రీలు. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియాలో విషపు పాలు పెరుగుతుంది. చిల్లర్ ధర విన్నాక ఫ్యాన్ల వైపు చూస్తున్నాను. నంద్యాల ఎండ పొడి ఎండ, నీళ్ల మీద ఫ్యాను తిప్పితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు ఉక్కపోతలో ఈ వసతి తక్కువ. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి రోజూ గీత దాకా ఆర్ఓ నీళ్లు పోయాలి. అద్దం మీద గీత చిన్నోడి చేత గీయించాను.

రేపు ల్యాబులో అర గ్రాము కన్నా చిటికెడు తక్కువ, 0.47, నాలుగు పొట్లాలు కట్టుకోవాలి. బ్యాటరీ పంపుకు కొత్త బ్యాటరీలు. శిల్పికి మండపం కొలతలు చెప్పాలి.